ఊపిరితిత్తి ఆపరేషనుకు ముందు రక్తము చెప్పు సంగతులు

(కోహీరు మండల గ్రామపంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కోహీరు పేరు వినగానే పట్టణవాసులకు జామపండ్లు స్ఫురించును. చలికాలమున వార్తలు వినువారికి మరియొకటి స్ఫురించును. రాష్ట్రమున మిక్కిలి తక్కువ ఉష్ణోగ్రత నమోదగు చోట్లలో మీ కోహీరు ఒకటి. ఆ చలిలో తెల్లవారుజామున మీ వీధులలో దగ్గు వినబడుట వింత కాదు. కాని ఆ దగ్గులలో ఒకానొకటి చలి దగ్గు కాకపోవచ్చును. దానిని గూర్చియే నేడు మాటలాడ వచ్చితిమి.

ఈ జిల్లాలోనే ఒక గ్రామమున మేమెరిగిన సంగతి ముందుగా చెప్పెదము. నడివయస్కుడగు ఒక రైతునకు ఊపిరితిత్తిలో క్యాన్సరు కనబడినది. అదృష్టవశమున అది ఇంకను ఒక్క భాగమునకే పరిమితమై యుండెను. ఆ భాగమును కోసి తీసివేసెదమని వైద్యులు చెప్పిరి. అంతలో రక్తపరీక్షల కాగితము వచ్చినది. అందులో రెండు అంకెలు నల్లని లావు అక్షరములలో ముద్రింపబడి యుండెను. బంధువులలో చదువుకొన్న ఒకడు ఆ కాగితము చూచి, "రక్తమే చెడిపోయినది, కోయించి ప్రయోజనము లేదు" అనెను. ఊరి పెద్దలును ఔననిరి. రోగిని ఇంటికి తెచ్చుకొనిరి. నిజమునకు ఆ అంకెలు ఆపరేషను వద్దని చెప్పలేదు. కొన్ని వారములు బలము చేకూర్చి పిదప చేయవలెనని మాత్రమే చెప్పినవి. ఈ మాట తెలిసి మరల వెళ్లునప్పటికి జబ్బు కత్తికి అందని చోటికి ప్రాకిపోయెను. ఆ పెద్దలకు దురుద్దేశము లేదు. వారికి చెప్పినవారు లేరు. చెప్పుటయే వృత్తిగా గల మావంటి వారికి ఆ తప్పులో కొంత భాగము కలదు.

రక్తములో దొరకు ఇట్టి గుర్తులను వైద్యులు బయోమార్కర్లు అందురు. పేరు కొత్తదే గాని పని మీకు పాతదే. సంతలో ఎద్దును కొనునప్పుడు రైతు దాని పండ్లు చూచును, మూపురము తడుమును, నాలుగడుగులు నడిపించును. ఒక్క పండు అరిగినంత మాత్రమున ఎద్దును వదలుకొనడు. దుక్కికి పనికివచ్చునా, కొన్నాళ్లు మేపవలెనా అని ఆలోచించును. వైద్యుడు చేయునదియు ఇంతే.

వీనిలో మీరు తరచుగా వినునది సి.ఆర్.పి. 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లరు సంస్థలో టిలెట్, ఫ్రాన్సిస్ అను శాస్త్రజ్ఞులు న్యుమోనియా రోగుల రక్తమున దీనిని కనుగొనిరి. అనగా దీని కథ ఊపిరితిత్తుల జబ్బుతోనే మొదలైనది. శరీరమున ఎక్కడ గాయమైనను, చీము చేరినను, కాలేయము ఈ పదార్థమును విస్తారముగా తయారుచేసి రక్తములోనికి వదలును. ఆపరేషనుకూడ గాయమే కదా! కనుక ఆపరేషను జరిగిన రెండు మూడు రోజులవరకు ఈ అంకె పెరుగుట సహజము. పిదప దిగవలెను. కారణము తొలగినచో ఇంచుమించు 19 గంటలకొకసారి సగమగుచు పోవును. నాలుగవనాటికిని దిగకున్నను, దిగి మరల ఎక్కినను, న్యుమోనియా వచ్చినదేమో, రొమ్ములో చీము పట్టినదేమో అని వైద్యులు వెదకుదురు. రెండవనాటి అంకె విని ఊరిలో ఏడ్పులు మొదలగుట మేమెరుగుదుము. ఏడ్వవలసిన పని లేదు. నాలుగవనాటి అంకె అడుగుడు.

రెండవది ఆల్బుమిను. ఇదియు కాలేయమే చేయు మాంసకృత్తి. నూరు మిల్లీలీటర్ల రక్తద్రవములో 3.5 నుండి 5 గ్రాముల వరకు ఉండవలెను. తగ్గినవారికి గాయము మానుట ఆలస్యమగును, ఇతర చిక్కులు ఎక్కువగును. తిండి చాలకయే తగ్గినదని కొందరు తలంతురు. అది సగము నిజము. జబ్బు లోలోపల రగులుచున్నప్పుడు తిన్నవానికిని ఇది తగ్గును. అందుచేత రోగి భార్యను, "సరిగా పెట్టలేదు" అని నిందింపకుడు. అయినను గ్రుడ్డు, పప్పు, పాలు, జొన్నరొట్టె వైద్యుని సలహా మేరకు కడుపునిండ పెట్టుట మాత్రము మానరాదు.

హిమోగ్లోబిను సంగతి మన ఆశా కార్యకర్తలు గర్భిణులకు చెప్పుచునే యున్నారు. పురుషులకు 13, స్త్రీలకు 12 గ్రాములకు తగ్గినచో రక్తహీనత. ఆపరేషనుకు ముందు దీనికి కారణము కనుగొని సరిదిద్దవచ్చును.

ఇక సి.ఇ.ఏ. అనునది వేరు జాతి గుర్తు. 1965లో కెనడాలోని మాంట్రియలు నగరమున గోల్డ్, ఫ్రీడ్‌మన్ అనువారు పెద్దప్రేగు క్యాన్సరులో దీనిని గుర్తించిరి. ఊపిరితిత్తి క్యాన్సరులోను కొందరికి పెరుగును. ఆపరేషనుకు ముందు హెచ్చుగా ఉండి, తరువాత మామూలు స్థితికి దిగినచో మంచి సూచన. దిగకున్నచో వైద్యులు దృష్టి నిలిపి చూచెదరు. చిత్రమేమనగా బీడీ, చుట్ట త్రాగువారికి క్యాన్సరు లేకున్నను ఇది కొంత పెరిగి యుండును. ఒక్క అంకెను పట్టుకొని తీర్మానించరాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? ఈ మధ్యకాలమున రక్తములో తేలియాడు క్యాన్సరు డి.ఎన్.ఏ. తునకలను వెదకు పరీక్షయు వచ్చినది. శస్త్రచికిత్స తరువాతను ఆ తునకలు కనబడినచో, స్కానులో తెలియుటకు కొన్ని నెలల ముందే జబ్బు తిరిగి వచ్చుచున్నదని కొందరిలో తెలియగలదు. ఇది అన్ని ఆసుపత్రులలో జరుగు పరీక్ష కాదు. దీనికై ఎవరును పొలము తాకట్టు పెట్టనక్కర లేదు.

ఈ గుర్తులన్నియు వందలమంది రోగులను పరిశీలించి చెప్పినవి. నూరుగురిలో ఎందరికి చిక్కులు వచ్చునో అవి చెప్పగలవు గాని, మీ ఊరి ఎల్లయ్యకో, ఖాసింసాహెబుకో ఏమగునో నిశ్చయముగా చెప్పలేవు.

1933లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున ఎవార్ట్స్ గ్రాహం అను శస్త్రవైద్యుడు క్యాన్సరు సోకిన ఎడమ ఊపిరితిత్తిని పూర్తిగా తొలగించెను. నేడు మనము చెప్పుకొన్న పరీక్షలు చాలవరకు అతనికి లేవు. ఆ రోగి, తానును వైద్యుడే, పిదప దాదాపు మూడు దశాబ్దములు జీవించెను. గ్రాహం మాత్రము ఏండ్ల తరబడి సిగరెట్లు త్రాగినవాడు. పొగకును ఊపిరితిత్తి క్యాన్సరునకును గల సంబంధమును 1950లో వైండరు అను యువకునితో కలిసి తానే లోకమునకు చాటెను. 1957లో ఆ జబ్బుతోనే మరణించెను.

పొగ మాట వచ్చినది గనుక చెప్పెదము. ఆపరేషనుకు నాలుగు వారములో, అంతకు ముందో బీడీ మానినవారికి చిక్కులు తగ్గును. అంత వ్యవధి లేకున్నను, జబ్బు పేరు విన్ననాడే మానవలెను. రచ్చబండమీద రోగికి బీడీ అందించు స్నేహితుని మందలించుట మీ వంతు. పొగ త్రాగనివారికిని, కట్టెలపొయ్యి ముందు కాలము గడిపిన స్త్రీలకును ఈ జబ్బు రావచ్చును. వారిని మరువకుడు. ఆపరేషను కుదిరినవారిని వైద్యుడు అనుమతించినంత మేర దినమును నడిపింపుడు. దీర్ఘముగా ఊపిరి పీల్చు అభ్యాసము చేయింపుడు.

అన్నిటికంటె ముందు వేళకు చేరుట. దగ్గనగానే క్షయ యనుకొని, అనంతగిరి ఆసుపత్రి పేరు తలచుకొనుట ఈ ప్రాంతపు అలవాటు. రెండు వారములు మించిన దగ్గునకు కళ్లె పరీక్ష తప్పక చేయించవలెను. క్షయ లేదని తేలినను దగ్గు తగ్గనిచో, కళ్లెలో రక్తము పడినచో, బరువు తగ్గుచున్నచో, అక్కడితో ఆగక ఎక్సురే, స్కాను వరకు పోవలెను. మన దేశమున ఈ రోగులలో పెక్కుమంది ఆపరేషను వేళ దాటిన తరువాతనే వచ్చుచున్నారు.

ఇచ్చటినుండి హైదరాబాదు దాదాపు నూరు కిలోమీటర్లు. అక్కడ రెడ్‌హిల్సులో మెహదీ నవాజ్ జంగ్ పేరిట 1955లో వెలసిన ప్రభుత్వ క్యాన్సరు వైద్యశాల కలదు. (1960లో గుజరాతు రాష్ట్రమునకు మొదటి గవర్నరైనది ఆయనయే.) 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకపు పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరున పది లక్షల రూపాయలకు పెంచిరి. రోగి వెంట ఆధారు, రేషను కార్డులును, పాత ఎక్సురే ఫిలిములును, వాడుచున్న మందుల చీటీలును ఉండవలెను. పాత ఎక్సురేను పారవేయకుడు. నీడ కొత్తదో పాతదో తేల్చుటకు అదియే సాక్షి. కాగితము చేతికి వచ్చినప్పుడు రోగితో వెళ్లినవారు వైద్యుని రెండు ప్రశ్నలు అడుగవలెను. "ఈ అంకె సరిదిద్దదగినదా? సరిదిద్దుటకు ఎన్ని దినములు పట్టును?" ఆ సమాధానమును అక్కడనే వ్రాయించుకొని తెచ్చినచో, ఊరిలో మీరు ఆ కాగితమే చూచి మాటలాడవచ్చును.

ఇక మీరు అడుగుడు. వెనుక వరుసలోని అక్క ఇందాకటినుండి చేయి ఎత్తియే యున్నది.