ఇంటి చదువును అడిగేవారెవరు?
(అమృత మహోత్సవ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్ల పండుగనాడు పాఠశాల విజయాలను చెప్పుకొనడం ఆచారం. కార్యదర్శిగారి నివేదిక ఆ పని చక్కగా నెరవేర్చింది. నేను మాత్రం మన హాజరు పట్టికలో లేని పిల్లలను గురించి మాట్లాడదలచాను. వారు ఇంటివద్దనే చదువుకొంటున్నారని మనకు చెబుతారు. అటువంటి పిల్లల బాగోగులను విచారించే అధికారం ప్రభుత్వానికి ఉన్నదా, ఉన్నచో అది ఏ తీరున ఉండవలె అన్నదే నా విషయం.

మన పెద్దలు కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాలనుండి మగ్గాన్ని నమ్ముకొని షోలాపూరుకు వచ్చారు. మగవారు మిల్లుకో, మరమగ్గానికో పోతే, ఆడవారు చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టారు. మనలో చాలామందికి ఇల్లే బడి, ఇల్లే కార్ఖానా. కావున ఇంటి చదువన్న మాట మన పేటలో ఊరక వినిపించే మాట కాదు.

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో జరిగిన ఒక సంగతి చెబుతాను. నాల్గవ తరగతిలో ఒక బాలిక ఉండేది. గుణకారంలో తరగతికంతటికీ ముందు. ఒక సోమవారంనుండి రావడం మానింది. పది రోజులకు తండ్రి వచ్చి, "పిల్ల ఇంట్లనే సదువుకుంటది టీచరమ్మా, మా తమ్ముడు చెప్తడు" అన్నాడు. నేను మరొక ప్రశ్న వేయలేదు. ఇంటివద్ద చదువుచున్నదని వ్రాసి, ఎర్రసిరాతో పేరు కొట్టివేశాను. మూడేండ్ల తరువాత బీడీ కార్ఖానా ముందు వరుసలో ఆ పిల్ల కనబడింది. నన్ను గుర్తుపట్టి, చేతిలోని కార్డు చూపి, "ఎన్ని రాసిండ్రు టీచరమ్మా?" అని అడిగింది. గుణకారం చేసిన పిల్ల అంకెలు మరచిపోయింది. ఆ తండ్రి దుర్మార్గుడు కాడు. మగ్గం ఆగిపోయిన ఇంటికి రెండు చేతులు కావలసివచ్చాయి. తప్పు నాది. అడుగవలసిన చోట అడుగలేదు.

మరొక ఇల్లు కూడ నాకు తెలుసు. నడవలేని కుమారునికి తల్లి ఇంటివద్దనే పాఠాలు చెప్పింది. పాత పుస్తకాలు తెచ్చుకొని, ముందు తాను నేర్చుకొని, పిదప వానికి నేర్పింది. ఒకనాడు ఒక అధికారి గుమ్మంలో నిలబడి, బడికి పంపకపోతే కేసు పెడతానని గద్దించి పోయాడు. పిల్లవాడు ఏమి చదువుచున్నాడో చూడనేలేదు. ఆమె ఆ రాత్రి మా ఇంటికి వచ్చి ఏడ్చింది. తరువాత ఆ బాలుడు 1989లో స్థాపితమైన జాతీయ సార్వత్రిక విద్యాలయం ద్వారా పదవ తరగతి ఉత్తీర్ణుడైనాడు.

ఒక ఇంటిని అడుగవలసిన నేను అడుగలేదు. మరొక ఇంటిని అడిగినవారు అడుగవలసిన తీరున అడుగలేదు. ఈ రెండు తప్పులను తప్పించుకొనే మార్గమేదో ఆలోచించడానికి ముందు చట్టం ఏమి చెబుతున్నదో చూద్దాం.

ఈ మహారాష్ట్ర గడ్డమీదనే మహాత్మా జ్యోతిరావు ఫూలే 1882లో హంటర్ కమిషనుకు ప్రాథమిక విద్యను నిర్బంధం చేయవలసినదిగా విన్నవించారు. 1911లో గోపాలకృష్ణ గోఖలే బిల్లు తెచ్చారు, అది నెగ్గలేదు. కొల్హాపురంలో శాహూ మహారాజు 1917లో దానిని ఆచరణలో పెట్టారు. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనే వ్యాజ్యంలో సుప్రీంకోర్టు పద్నాలుగేండ్ల వరకు విద్య ప్రాథమిక హక్కేనన్నది. 2002లో రాజ్యాంగంలో 21ఎ అధికరణం చేరింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది.

ఆ చట్టంలో నిర్బంధమన్న మాటకు అర్థం గమనింపదగినది. పిల్లల ప్రవేశం, హాజరు, పూర్తి – ఈ మూడింటికీ బాధ్యత ప్రభుత్వానిది. బిడ్డను సమీప పాఠశాలలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని పదవ సెక్షను చెబుతుంది. కాని చేర్చనివారికి శిక్ష విధించలేదు. గుమ్మంలో గద్దించిన అధికారికి ఆ చట్టంలో ఆధారం లేదు. పద్నాలుగేండ్ల లోపు పిల్లలందరి వివరాలు స్థానిక సంస్థ ఉంచవలెనని తొమ్మిదవ సెక్షను శాసించింది. ఇంటివద్ద విద్య అన్న మాట ఆ చట్టంలోకి 2012 సవరణతో వచ్చింది. అదీ తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం గల పిల్లలకు మాత్రమే. తక్కిన ఇంటి చదువులను ఎవరు చూడవలె, ఎట్లు చూడవలె అన్న ఏర్పాటు అందులో లేదు.

ఈ లోపం ఎక్కడ నొప్పిస్తుందో బీడీ ఇండ్లలో తెలుస్తుంది. 1986 బాలకార్మిక చట్టం బీడీ పనిలో పిల్లలను నిషేధించింది గాని, ఇంటివారితో కలసి ఇంటివద్ద చేసే పనిని వదలిపెట్టింది. 2016 సవరణ పద్నాలుగేండ్ల లోపువారికి అన్ని పనులనూ నిషేధించి, ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో బడివేళల తరువాత, సెలవులలో సహాయపడటానికి మాత్రం వీలునిచ్చింది. బడిలో పేరున్న బిడ్డకు బడివేళలు ఉంటాయి. బడిలో పేరులేని బిడ్డకు బడివేళలేవి? ఆ బిడ్డ రోజంతా చాట ముందు కూర్చున్నా, అది చదువు తరువాతి సహాయమేనని చెప్పవచ్చును. తెలుగునాట రంగారెడ్డి జిల్లాలో వెంకటరంగయ్య ఫౌండేషనువారు, శ్రీమతి శాంతా సిన్హా నాయకత్వంలో, బడి బయట ఉన్న ప్రతి బిడ్డనూ శ్రమలో ఉన్న బిడ్డగానే ఎంచి పని మొదలుపెట్టడానికి కారణమిదే.

ఇతర దేశాలకూ ఈ చిక్కు తప్పలేదు. జర్మనీలో బడికి పంపడం తప్పనిసరి. ఇంటివద్ద చదివించిన ఒక కుటుంబంనుండి పిల్లలను అధికారులు 2013లో మూడు వారాలు తీసుకొనిపోయినారు. అది కుటుంబ హక్కుల ఉల్లంఘన కాదని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2019లో తీర్పు చెప్పింది. ఇంగ్లండులో 1944 నుండి చట్టం బడిలోగాని మరొక విధంగాగాని చదివించవచ్చునన్నది. అక్కడ 2023లో ఒక పదేండ్ల బాలికను ఇంటివద్ద చదివిస్తామని బడి మాన్పించారు. ఆమె దేహంపై గాయాలను అంతకుముందు గమనించినది బడిలోని ఉపాధ్యాయులే. కొన్ని నెలలకు ఆ బాలిక ఇంట్లోనే హత్యకు గురైనది. తండ్రి, సవతితల్లి దోషులని 2024లో తేలింది. ఆ డిసెంబరులోనే బడిలో లేని పిల్లల పట్టిక ఉంచవలెనని అక్కడి పార్లమెంటులో బిల్లు ప్రవేశపెట్టారు.

ఇంటి చదువు చెప్పే తల్లిదండ్రులందరినీ అనుమానించమని నేను అనడం లేదు. కుమారునికి పాఠాలు చెప్పిన ఆ తల్లికంటె గొప్ప ఉపాధ్యాయినిని నేను చూడలేదు. నేను కోరేది ఒక్కటే. ఏ బిడ్డనైనా ఇంటి గడప అవతల ఉన్న పెద్దవారొకరు పేరుపెట్టి పిలువగలగాలి. ముఖం చూచి ఆరోగ్యం అడుగగలగాలి. బడి ఈ పనిని మనకు తెలియకుండానే చేస్తున్నది. బడి లేనప్పుడు అది ప్రభుత్వం చేయవలె.

ఎట్లు చేయవలె? ఇంటివద్ద చదివించేవారి పేర్లు వ్రాసుకొనే పట్టిక ఉండాలి. అది అనుమతి పత్రం కానక్కరలేదు. ఏడాదికి రెండుసార్లు ఒక ఉపాధ్యాయిని ఆ ఇంటికి వెళ్ళి బిడ్డతో మాట్లాడాలి, వ్రాసిన పుస్తకం చూడాలి. పోలీసు వెళ్ళరాదు. చదువు వెనుకబడితే ముందు పుస్తకాలు, సహాయం అందాలి. బిడ్డకు హాని ఉన్నదని తోచినప్పుడే బాలల సంక్షేమ సమితికి తెలుపాలి. 1996లో ముంబయిలో మొదలైన 1098 సంఖ్య ప్రతి పిల్లవానికీ నోటికి రావాలి.

ప్రభుత్వం ఇవన్నీ చేసేవరకు మనం కూర్చొనరాదు. ఈ ఏటినుండి మన పట్టికలో ఏ పేరునూ తండ్రి మాటతో మాత్రమే కొట్టివేయబోము. పేరు కొట్టివేసేముందు ఇద్దరు ఉపాధ్యాయులు ఆ ఇంటికి వెళతారు. పూర్వ విద్యార్థులారా, పేటలో మీకు తెలియని ఇల్లు లేదు. వారికి తోడుగా వెళ్ళండి. తల్లులారా, మా వారు వస్తే కోపగించకండి. తప్పు పట్టడానికి కాదు, బిడ్డను చూడడానికే వస్తారు.

ఎర్రసిరాతో కొట్టివేసిన ఆ పేరు పాత పట్టికలో ఇప్పటికీ ఉన్నది. కొత్త ఉపాధ్యాయులు చేరినప్పుడల్లా దానిని తీసి చూపుతాను. ఇకముందు అటువంటి గీత మరొకటి పడకుండా చూడడమే ఈ అమృత మహోత్సవానికి మనం తీసుకొనదగిన దీక్ష అని మనవి చేస్తూ, సెలవు తీసుకొంటున్నాను.