అన్నవ్రతము - మన బంతిభోజనములు
(సంఘ వార్షిక మహాసభయందు జేసిన యుపన్యాసము)



నేడు నేను ప్రస్తావింపబూనిన విషయము మన బంతిభోజనములకు సంబంధించినది. ఇంత పెద్ద సభలో నిది చిన్న మాటగా దోపవచ్చును. కాని మన సంఘముయొక్క యౌదార్యమునకు బరీక్ష యచ్చటనే జరుగుచున్నది.

తైత్తిరీయోపనిషత్తునందలి భృగువల్లి నాలుగు వ్రతములను విధించినది. అన్నమును నిందింపరాదు, త్రోసిపుచ్చరాదు, దానిని సమృద్ధిగా సమకూర్పవలయును, ఆశ్రయముగోరి వచ్చినవాని నెవ్వనిని గాదనరాదు. ఈ నాలుగును నొక్కటే ధర్మము. సమృద్ధి వచ్చినవానికి బెట్టుటకే గాని పాఱవైచుటకు గాదు. మనమో మూడవ వ్రతమును మాత్రము గ్రహించి తక్కిన మూడింటిని విడిచితిమి.

ఐక్యరాజ్యసమితి పర్యావరణశాఖ 2024లో బ్రకటించిన నివేదిక ననుసరించి, 2022వ సంవత్సరమున బ్రపంచమున 105 కోట్ల టన్నుల యాహారము వ్యర్థమైనది. అందు నూటికి 60 పాళ్లు గృహములలోనిదే. ఆ కాలముననే సుమారు 78 కోట్ల జనులు క్షుద్బాధ ననుభవించిరి. మన దేశమున 2013 నాటి ఆహారభద్రతాచట్టమువలన బీదలకు నెలకు మనిషి యొక్కింటికి 5 కిలోల ధాన్యము హక్కుగా సంక్రమించినది. ఐనను బియ్యమొక్కటియే పోషణము గాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమున, అయిదేండ్ల లోపు బిడ్డలలో నాంధ్రప్రదేశమున నూటికి 31 మంది, తెలంగాణమున 33 మంది వయస్సునకు దగిన యెత్తు లేనివారని తేలినది. పప్పును, కూరయు, పెరుగును మన విస్తళ్లలో నెండిపోవుచుండగా నీ బిడ్డలు వానికి మొగము వాచియున్నారు.

ఈ నష్టమునకు మూలము లెవ్వి? శుభలేఖ లందుకొన్నవారు వత్తుమో రామో తెలుపరు. గృహస్థు భయపడి యధికముగా వండించును. వంటకముల సంఖ్యయే ప్రతిష్ఠకు గొలబద్ద యైనది. పూర్వము వడ్డించువా డడుగకయే వేసెడివాడు. నేడు బల్లలయొద్ద దామే వడ్డించుకొనువారు మరల వరుసలో నిలువవలసివచ్చునని యన్నియు నొక్కసారియే నింపుకొనుచున్నారు.

శాస్త్రమున శేషము వేఱు, ఉచ్ఛిష్టము వేఱు. గంగాళమున ముట్టక మిగిలినది శేషము. విస్తరిలో విడిచినది ఉచ్ఛిష్టము. మొదటిదానిని బంచవచ్చును, రెండవదానిని మనుష్యునకు బెట్టుట పాపము. శేషమునైనను మఱునాటిదాక నుంచి పంపుట దానము గాదు. వేడియన్నము గంటలతరబడి గంగాళమున మ్రగ్గినచో విషతుల్యము కావచ్చును. మరల గాచినను ఆ దోషము పోకుండుటయు గలదు.

కావున నా విన్నపము లివి. శుభకార్యమునకు మూడు దినములు ముందుగా నతిథుల లెక్క తేల్చుకొనవలయును. వంటకములను దగ్గించి, వడ్డించువాడు "వేయుదునా?" యని యడిగి వడ్డింపవలయును. ముఖ్యముగా, మొదటి బంతి కూర్చుండకమునుపే కొంత భోజనమును వేఱుగా దీసి, సమీపముననున్న విద్యార్థివసతిగృహమునకో వృద్ధాశ్రమమునకో ముందే చెప్పి, వేడిగా నంపవలయును. మిగిలినది పెట్టుటకంటె మొదటిది పెట్టుట మేలు. అప్పుడు పుచ్చుకొనువాడును అతిథియే యగును.

మఱియొక్క మాట. మనది కులసంఘము. అయిన నాకలికి గోత్రము లేదు. గోదావరీతీరమున లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841-1909) వచ్చినవాని కులమడుగక, వేళ యనక యన్నము పెట్టిరి. ఆమె సామ్రాజ్యము నేలలేదు, గ్రంథములు వ్రాయలేదు. ఐనను 2024లో నాంధ్రప్రదేశ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకు నామె పేరు పెట్టినది. వంటకముల సంఖ్యవలన నింతటి కీర్తి యెవ్వరికిని రాలేదు.

మహారాజపోషకులారా! ఈ మార్పు బీదవానివలన నారంభము గాజాలదు; వాడు తగ్గించినచో లోభియందురు, మీరు తగ్గించినచో మర్యాద యందురు. రాబోవు మాఘమాసపు వివాహములలో మీ యిండ్లనే యిది మొదలుకావలయును. ఈ సభ యిట్లు తీర్మానించునుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.

స్వస్తి.