క్లౌడ్‌లో దాచుకుందాం, ఇంట్లోనూ ఉంచుకుందాం

క్లౌడ్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేం కంప్యూటర్ చదివినవాళ్ళం కాదు, షోలాపూర్‌లో చాదర్లు నేసేవాళ్ళం. చేతులు కాలాక నేర్చుకున్నవే మీ ముందు పెడుతున్నాం.

క్లౌడ్ అంటే ఆకాశంలో ఏమీ లేదు. ఎక్కడో ఉన్న పెద్ద కంపెనీ కంప్యూటర్లలో మన సామాను దాచుకోవడమే.

మా నాన్న గీసిన గ్రాఫు పుస్తకాలు మూడు ఉండేవి. నెమళ్ళు, పూలతీగలు, అంచులు, అన్నీ గడిగడికీ లెక్కతో. జకార్డ్ అట్టలు కొట్టించాలంటే ఆ గ్రాఫే ఆధారం. నాలుగేళ్ళ కింద మా అమ్మాయి సరదాగా పేజీలన్నీ ఫోన్‌లో ఫోటో తీసింది. మరుసటి వానాకాలం ఇల్లు కారి పుస్తకాలు ముద్దయిపోయాయి. ఆ మధ్యలోనే ఫోన్ కూడా మారింది. అయినా మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ వేయగానే ఫోటోలన్నీ తిరిగొచ్చాయి. లాభం అంటే అదీ!

ఇక నష్టం సంగతి. గూగుల్ ఖాతాకి ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. మెయిళ్ళు, ఫోటోలు, డ్రైవ్, ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్, అన్నీ కలిపి అంతే. పెళ్ళి వీడియోలతో మాది నిండిపోయింది. ఎక్కువ చోటు కావాలంటే నెలనెలా అద్దె కట్టాలి. ఎందుకులే అని మా తమ్ముడు ఫోన్‌లో పాత ఫోటోలు తీసేశాడు. "పైన ఎలాగూ ఉన్నాయి కదన్నా" అన్నాడు. అలా డిలీట్ చేస్తే పైన కూడా పోతాయని మాలో ఎవరికీ తెలియదు. చెత్తబుట్టలో 60 రోజులు ఉంటాయట. మేం చూసుకునేసరికి మూడో నెల. అట్టలు కొట్టే ఆయనకి ఎప్పుడో వాట్సాప్‌లో పంపిన పదకొండు పేజీలే మిగిలాయి.

అందుకే చెబుతున్నాం. ఫోన్‌లో చోటు కావాలంటే 'ఫ్రీ అప్ స్పేస్' వేరు, 'డిలీట్' వేరు. మొదటిది ఫోన్‌లోదే తీస్తుంది, రెండోది రెండు చోట్లా తీస్తుంది. క్లౌడ్‌లో ఉన్నా పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఇంట్లో పెట్టండి. ఉగాదికి, దసరాకి తెరిచి చూడండి.

పాస్‌వర్డ్ ఇంట్లో ఇద్దరికి తెలియాలి. పెద్దాయన కాలం చేస్తే ఆ ఖాతా తెరిచేవారుండరు. రెండేళ్ళు ఎవరూ వాడని ఖాతాని గూగుల్ తీసేయవచ్చు. ఫోన్ నంబరు మారిస్తే ఖాతాలో కూడా మార్చండి, లేకపోతే ఓటీపీ పాత నంబరుకే పోతుంది.

కొత్త డిజైన్ లింకు ఎవరికి పడితే వారికి తెరుచుకునేలా పెట్టకండి. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయించాలంటే అది అంతకుముందు బయట పడి ఉండకూడదు.

పోయిన పేజీల సంగతి నాన్నకి భయపడుతూనే చెప్పాం. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు గ్రాఫు కాగితం తెమ్మన్నారు. చెయ్యి వణుకుతుంది, గడి తప్పితే మళ్ళీ మొదలుపెడతారు. ఇప్పటికి ఆరు పేజీలయ్యాయి. గీసిన రోజే ఫోటో తీసి క్లౌడ్‌లో, పెన్‌డ్రైవ్‌లో, మా చెల్లెలి ఇంట్లో పెడుతున్నాం.

మీ ఇంట్లోనూ ఇలాంటి పుస్తకం ఉంటే ఈ రాత్రే తెరవండి. సెలవు.