చేసి చూసే చెరువు పాఠం

ఊరి వారసత్వాన్ని, ఊరి ప్రకృతిని చిన్నపిల్లలకు రెండు పాఠాలుగా విడదీసి చెప్పకూడదని, చెప్పడానికి ముందే వాటిని పిల్లల చేత చేయించాలని నా వాదన. మన బడుల్లో బొమ్మలు గీయడం, మట్టితో ఆడటం పాఠం అయిపోయాక మిగిలిన వేళకో, ఆగస్టు 15 పోటీలకో పరిమితమయ్యాయి. ఆ పోటీల్లో వచ్చే బొమ్మలు మీకు తెలిసినవే: రెండు కొండలు, నడుమ సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు. కొండ ఛాయలే లేని ఊళ్లోనూ అదే బొమ్మ. మీ ఊరిని తేరిపార చూసి గీయమని ఆ పిల్లలను ఎవరూ అడగలేదు.

తెలంగాణ పల్లెకు చెరువే చరిత్ర, చెరువే ప్రకృతి. పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ గుడికి చేరువలోనే ఉన్న కాకతీయుల నాటి చెరువు నేటికీ పొలాలను తడుపుతోంది. గుడిని చరిత్రలోనూ, చెరువును నీటి వనరుల్లోనూ పెడితే పసిపిల్లలకు ఆ రెంటి చుట్టరికం ఎప్పటికి అర్థమవుతుంది? 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఐదో తరగతి దాకా సైన్సును, సాంఘికాన్ని కలిపి పరిసరాల విజ్ఞానంగానే ఉంచింది. పుస్తకం కలిపినదాన్ని బోధనలో మనమే విడగొడుతున్నాం.

బడి ఆవరణలో ఒక మూల పిల్లలను చెరువు కట్టమనండి. మట్టి పోసి, తడిపి, తొక్కి జానెడు కట్ట వేస్తారు. చెంబులు లెక్కపెడుతూ నీళ్లు పోస్తారు. నీరు నిండి కట్ట మీదుగా పొర్లుతుంది, పొర్లిన చోట మట్టి కోసుకుపోతుంది, చూస్తుండగానే గండి పడుతుంది. అప్పుడు మీరేమీ చెప్పకండి. రెండోసారి కట్టేటప్పుడు ఎవరో ఒకరు ఒక చివర కాస్త తగ్గు చేసి, అక్కడ రాళ్లు పరుస్తారు. అలుగు అంటే ఏమిటో ఆ పిల్లలకు ఇక నిర్వచనం అక్కర్లేదు. ఊరి చెరువు దగ్గరికి తీసుకెళ్లి, నీళ్లలో దిగనివ్వకుండా, దూరం నుంచి తూమును, అలుగును చూపిస్తే తమ కట్టతో తామే పోల్చుకుంటారు. బతుకమ్మ పూలూ అంతే. గునుగు ఎక్కడ పూసిందో, తంగేడు ఎక్కడ పూసిందో పిల్లలు పటం గీస్తే, ఏ చేలో గునుగు కనబడకుండా పోయిందో అందులోనే తేలుతుంది. అక్కడ కలుపు మందు కొట్టారా అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

పిల్లలకు చదవడం, లెక్కలు రావడమే కష్టంగా ఉంటే ఈ మట్టిపనికి సమయమెక్కడిదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా మూడో తరగతికల్లా చదవడం, లెక్కలు రావాలనే చెబుతోంది. కానీ చెంబులు లెక్కపెట్టడం గణితమే. గండి ఎందుకు పడిందో నాలుగు వాక్యాలు రాయడం తెలుగే. చెప్పడానికి సొంత సంగతి ఉన్న పిల్ల రాయడానికి వెనుకాడదు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటి ఉంది. గుడి, బతుకమ్మ అంటే తరగతిలోని పిల్లలందరివీ అవుతాయా? వారసత్వమంటే రాజులు, దేవుళ్లు మాత్రమే అని నేర్పితే కావు. దర్గా పక్కన చింతచెట్టు, పాత దిగుడు బావి, కుమ్మరి సారె కూడా వారసత్వమే. కట్టించినవారి పేరు శాసనాల్లో ఉంటుంది, కట్టకు మట్టి మోసినవారి పేర్లు ఉండవు. తట్టెడు మట్టి మోసి చూసిన పిల్లలకు ఆ పేరులేని మనుషుల మీద గౌరవం కలుగుతుంది. ఈ పని విలువల్లో దీన్నే నేను ముందు పెడతాను.

ఇవన్నీ మాకే తెలియవంటారేమో. తెలిసినవాళ్లు ఊళ్లో ఉన్నారు. తూము ఎత్తి నీళ్లు వదిలే నీరటి వృద్ధుణ్ని ఒక పూట బడికి పిలవండి. ఆయనకు కుర్చీ వేసి, గండి పడ్డ కట్టలను చూపించి, పిల్లలనే ప్రశ్నలు అడగనివ్వండి.