ఘనా వెళ్లే బ్రిటిష్ మిత్రులకు నేను రాసిచ్చిన కాగితం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నీ ఉద్యోగ అనుభవంలోంచి పనికొచ్చే మాట ఒకటి చెప్పు" అన్నారు కమిటీవారు. నేను బ్రిటన్‌లో ఒక ఇంజినీరింగ్ సంస్థలో పనిచేస్తూ, తాగునీటి పథకాల కోసం పశ్చిమ ఆఫ్రికాలోని ఘనాకు చాలాసార్లు వెళ్లాను. ముందు వెళ్లినవాణ్ని కాబట్టి, లండన్ నుంచి కొత్తగా వచ్చే బ్రిటిష్ సహోద్యోగులకు ప్రయాణ సూచనలు రాసిచ్చే పని నా మీద పడింది. ఆ కాగితం గురించి, అందులో నేను చేసిన రెండు తప్పుల గురించి చెబుతాను. మన బ్యాచ్‌లవాళ్ల పిల్లలు కూడా కొందరు ఇవాళ బ్రిటిష్ పాస్‌పోర్టు మీద తిరుగుతున్నారు. వాళ్లకూ ఉపయోగపడవచ్చు.

మొదట రాసిన కాగితంలో ఏముందంటే: బ్రిటిష్ పౌరులు వీసా ముందే తీసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. గడియారంతో పెద్ద ఇబ్బంది లేదు. మన సోషల్ మాస్టారు గ్లోబు తిప్పి చూపించిన సున్నా డిగ్రీల రేఖాంశం లండన్‌లోని గ్రీనిచ్ మీదుగా దిగి, ఘనా రాజధాని అక్రా దగ్గరున్న తెమా రేవు పట్టణం మీదుగా పోతుంది. చలికాలంలో రెండు చోట్లా ఒకటే టైము. బ్రిటన్‌లో వేసవిలో గడియారం ముందుకు తిప్పుతారు కాబట్టి అప్పుడు ఘనా గంట వెనక ఉంటుంది. బ్రిటిష్ మూడు పిన్నుల ప్లగ్గులు చాలాచోట్ల పడతాయి. కరెంటు పోవడాన్ని అక్కడ 'దుమ్‌సోర్' అంటారు; చిన్న టార్చి, పవర్ బ్యాంకు దగ్గరుంచుకోవాలి.

రోడ్డు సంగతి ఎర్ర సిరాతో రాశాను. ఘనా ఒకప్పుడు బ్రిటన్ లాగే ఎడమవైపు నడిచిన దేశం. చుట్టుపక్కల దేశాలన్నీ కుడివైపు నడుస్తుండటంతో 1974 ఆగస్టు 4న కుడివైపుకు మారింది. బ్రిటన్‌లో పుట్టి పెరిగినవాళ్లు రోడ్డు దాటేటప్పుడు అలవాటుగా ముందు కుడివైపు చూస్తారు. అక్కడ బండి ఎడమవైపు నుంచి వచ్చి మీద పడుతుంది. 'ట్రోట్రో' అనే షేర్ వ్యాన్లు చవక. పగలు ఊళ్లో ఎక్కవచ్చు. రాత్రిపూట హైవే ప్రయాణం మాత్రం వద్దు. లైట్లు లేని లారీలు రోడ్డు మీదే ఆగి ఉంటాయి. సముద్రం చూడటానికి అందంగా ఉంటుంది గాని లోపలికి లాగేస్తుంది. ఈత వచ్చినవాళ్లు కూడా జాగ్రత్తగా ఉండాలి. వోల్టా సరస్సులో దిగితే నత్తల ద్వారా వ్యాపించే బిల్‌హార్జియా పురుగు చర్మంలోంచి ఒంట్లోకి వెళ్తుంది. మిలిటరీ బట్టల్లాంటి మచ్చల డ్రెస్సు మామూలు మనుషులు వేసుకోకూడదు; అది చట్టవిరుద్ధం. విమానాశ్రయం, సైనిక స్థావరాల ఫోటోలు తీయకూడదు.

మలేరియా గురించి ఒకే వాక్యం రాశాను: "ఘనాలో ఉన్నన్నాళ్లూ రోజూ మాత్ర వేసుకోవాలి." అదే నా మొదటి తప్పు.

ఒక కుర్ర ఇంజినీరు ఆ కాగితాన్ని అక్షరం తప్పకుండా పాటించాడు. మూడు వారాలున్నాడు, రోజూ రాత్రి భోజనం కాగానే మాత్ర వేసుకున్నాడు. లండన్‌లో విమానం దిగిన రోజు నుంచి మానేశాడు. పది పన్నెండు రోజుల తర్వాత ఏదో లెక్క కోసం ఫోన్ చేస్తే, గొంతు వణుకుతోంది. "ఫ్లూ అనుకుంటా, రెండు రోజులుగా జ్వరం, చలి" అన్నాడు. ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. "ఘనా నుంచి వచ్చానని ఎవరికైనా చెప్పావా?" అని అడిగాను. "జ్వరానికీ దానికీ ఏం సంబంధం? వచ్చేసి చాలా రోజులైందిగా" అన్నాడు. వెంటనే టాక్సీ పిలిపించి ఆసుపత్రికి పంపాను. రక్తపరీక్షలో ఫాల్సిపారం మలేరియా అని తేలింది. ఘనాలో ఎక్కువగా ఉండేది ఆ రకమే. ఆలస్యమైతే ప్రాణం తీస్తుంది. అతను బతికాడు. కాని ఆ నాలుగు రోజులూ నాకు నిద్ర లేదు. వాళ్లమ్మగారు ఫోన్ చేసి, "మీరు రాసినట్టే చేశాడు కదండీ" అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు.

దోమ కుట్టాక ఆ క్రిమి ముందు కాలేయంలో దాక్కుంటుంది. కొన్నాళ్లు గడిచాక గాని రక్తంలోకి రాదు. అందుకే అతను వాడిన అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ మాత్ర ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక మరో 7 రోజులు వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక 4 వారాలు. ఏది వాడాలో డాక్టరు చెబుతారు. ఎన్నాళ్లు వాడాలో మనం గుర్తుపెట్టుకోవాలి. మాత్ర వేసుకున్నా దోమతెర, ఒంటికి రాసుకునే మందు తప్పవు. తిరిగొచ్చిన ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా, డాక్టరుకు చెప్పాల్సిన మొదటి మాట "నేను ఘనా వెళ్లొచ్చాను" అన్నదే.

మన ఫిజిక్స్ మాస్టారు జవాబు కరెక్టయినా యూనిట్ రాయకపోతే మార్కు కోసేసేవారు. "ఐదు ఏమిట్రా? మీటర్లా, మామిడికాయలా?" అనేవారు. నా కాగితంలో మాత్ర ఉంది, యూనిట్ లేదు.

రెండో తప్పు ఇంకొకరు చూపించారు. అక్రాలో మా ఆఫీసు వ్యవహారాలు చూసే పెద్దావిడ ఒకరుండేవారు. అక్కడ కూడా పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవరు. మేమంతా ఆంటీ అనేవాళ్లం. నా కాగితం చదివి ఆవిడ, "ఇందులో దోమలున్నాయి, లారీలున్నాయి, పురుగులున్నాయి. మనుషులేరి?" అన్నారు. సిగ్గేసింది. మన ఊరికి వచ్చే విదేశీయుడికి ఎవరైనా ఇలాంటి కాగితం ఇస్తే నేను ఊరుకుంటానా?

ఆవిడ చెబుతుంటే రెండో పేజీ రాశాను. ధర అడిగేముందు, దారి అడిగేముందు పలకరించాలి. పలకరింపు లేకుండా పనిలోకి దిగితే పొగరనుకుంటారు. పెద్దలు కూర్చున్న చోటికి వెళ్తే కుడివైపు నుంచి మొదలుపెట్టి అందరికీ చేయి కలపాలి. ఎడమచేత్తో ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. మనకైతే ఇది చెప్పక్కర్లేదు. ఎడమచేతి వాటం ఉన్న బ్రిటిష్‌వాళ్లకు చెప్పాలి. మనిషిని అడగకుండా ఫోటో తీయకూడదు. బయల్దేరే ముందు ఏ వారం పుట్టారో కనుక్కుని వెళ్లాలి. అక్కడి అకన్ ప్రజలు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు: శుక్రవారం పుట్టిన మగపిల్లాడు కోఫీ, శనివారమైతే క్వామె. వారం చెబితే మీకూ పేరు పెట్టి, ఆ రోజు నుంచి అలాగే పిలుస్తారు.

కేప్ కోస్ట్ కోట గురించి ఆవిడ ప్రత్యేకంగా రాయించారు. బ్రిటిష్‌వాళ్లు బానిసలను ఓడలెక్కించిన చోటు అది. మగవాళ్లను బంధించిన చీకటి కొట్టు పైనే ప్రార్థన మందిరం ఉంటుంది. "అక్కడికొచ్చి కొందరు నవ్వుతూ సెల్ఫీలు దిగుతారు, కొందరు అవి పాత సంగతులు కదా అని వాదిస్తారు. రెండూ వద్దు. చెప్పేది వినమను, చాలు" అన్నారు. ఆ వాక్యం అలాగే దించాను.

రెండో పేజీ చేరాక మా సైటులో పని సులువైంది. పంపు చెడితే ముందు మాకే కబురొచ్చేది. ఆ కుర్ర ఇంజినీరు మరుసటి ఏడాది మళ్లీ ఘనా వచ్చాడు. ఈసారి తిరిగెళ్లాక ఏడో రోజున ఖాళీ మాత్రల అట్ట ఫోటో తీసి నాకు పంపాడు.

యూనిట్ లేకపోతే మార్కు కోసిన మాస్టారు, గ్లోబు తిప్పిన మాస్టారు, ముందు నమస్కారం పెట్టి తర్వాత మాట్లాడమన్న మా తెలుగు టీచరమ్మగారు, ముగ్గురికీ ఆ కాగితంలో వాటా ఉంది. మీ పిల్లలెవరైనా అటు వెళ్తుంటే నన్ను అడగండి, రెండు పేజీలూ పంపిస్తాను. సెలవు.