పిట్టగోడ కట్టించారా?

 

మనలో చాలామందికి అక్షరాలు దిద్దించింది ఊళ్ళోని ఆర్.సి.ఎం. ఎలిమెంటరీ బడే. గుడి పక్కనే బడి. వరండాలో వేలాడదీసిన రైలుపట్టా ముక్క మీద గంట కొట్టగానే పలకా బలపం సర్దుకుని ఇంటికి పరుగు తీసేవాళ్ళం. మన తల్లిదండ్రులు మనల్ని ఆ బడికి పంపి నిశ్చింతగా పొలం పనికి వెళ్ళేవారు. "ఫాదరుగారు ఉన్నారు, సిస్టర్లు ఉన్నారు, పిల్లలకేం భయం?" అనుకునేవారు. సరిగ్గా అదే నమ్మకంతో పిల్లలను బడికి పంపిన మరొక విచారణ చరిత్రను ఈ వేళ మీ ముందు ఉంచుతున్నాను.

అమెరికాలోని చికాగో నగరంలో, పడమటి వైపు, దేవదూతల మాత పేరిట ఒక విచారణ ఉండేది. అక్కడివారంతా రెక్కల కష్టం మీద బ్రతికేవారు. ఇటలీ నుండి వలస వచ్చిన కుటుంబాలు ఎక్కువ. ఐర్లాండు, పోలండు మూలాల వారు కూడా ఉండేవారు. 1910లో వారు రెండంతస్తుల భవనం ఒకటి కట్టుకున్నారు. కింద గుడి, పైన బడి. 1939లో వేరే గుడి కట్టుకున్నాక ఆ భవనమంతా బడికే ఇచ్చారు. పిల్లలు పెరిగారు, గదులు పెరిగాయి. 1951లో రెండు భవనాలను కలుపుతూ మరో కట్టడం లేచింది. 1958 నాటికి ఆ బడిలో సుమారు 1,600 మంది పిల్లలు. చదువు చెప్పేది మఠకన్యలు, కొందరు ఉపాధ్యాయినులు. ఒక్కో గదిలో యాభై, అరవై మంది కూర్చునేవారు. ఏ బిడ్డనూ కాదనలేని ప్రేమ అది. ఆ ప్రేమను నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు.

1958 డిసెంబరు 1, సోమవారం. ఆగమన కాలం మొదటి ఆదివారం ముందురోజే గడిచింది. మెలకువగా ఉండండని తిరుసభ మనకు గుర్తుచేసే కాలం అది. బడి వదలడానికి ఇక కొద్ది నిమిషాలే ఉంది. మెట్ల అడుగున, నేలమాళిగలో, చిత్తు కాగితాలు వేసే అట్ట డ్రమ్ములో నిప్పు రాజుకుంది. ఎవరూ చూడలేదు. బయటికి ఇటుక గోడలే గాని లోపలంతా చెక్క. మెట్లు చెక్క, నేల చెక్క. ఏళ్ళ తరబడి మైనం పూసి పూసి నిగనిగలాడించిన నేల. కింది అంతస్తులో మెట్ల దగ్గర మంటను ఆపే తలుపు ఉంది, పై అంతస్తులో లేదు. పొగ, మంట తిన్నగా పైకి వెళ్ళాయి. పై గదుల్లోని పిల్లలు తలుపు తెరిచేసరికి వరండా నిండా నల్లని పొగ. కిటికీలోంచి చూస్తే నేల సుమారు 25 అడుగుల లోతున ఉంది.

ఇరుగుపొరుగు వారు నిచ్చెనలు తెచ్చారు, అందలేదు. ఫోనులో అందిన చిరునామా గురువుల నివాసానిది కావడంతో ఫైరింజన్లు మొదట అక్కడికి వెళ్ళాయి. కొన్ని విలువైన నిమిషాలు పోయాయి. చివరకు 92 మంది పిల్లలు, ముగ్గురు మఠకన్యలు ప్రాణాలు కోల్పోయారు. ఆ మఠకన్యలు తమ పిల్లలతో పాటు తమ తరగతి గదుల్లోనే మరణించారు.

ప్రియులారా! ఈ కథలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన మాట ఒకటుంది. ఆ బడికి సుమారు రెండు నెలల ముందే, అక్టోబరులో, అగ్నిప్రమాద భద్రత తనిఖీ జరిగింది. బడి అందులో నెగ్గింది! ఎందుకంటే మంట వేడికి తమంతట తామే నీళ్ళు చిమ్మే గొట్టాలు తప్పనిసరి అన్న నగర నిబంధన 1949 తరువాత కట్టిన భవనాలకే వర్తించేది. ఇది పాత భవనం. కనుక మినహాయింపు. మంటలార్పే సిలిండర్లు ఉన్నాయి, కాని నేలకు 7 అడుగుల ఎత్తున తగిలించారు. అలారం ఉంది, కాని అది మోగితే అగ్నిమాపక దళానికి తెలియదు. కాగితం మీద అన్నీ సవ్యంగానే ఉన్నాయి. చట్టానికి వారు బాకీ లేరు. మరి పిల్లలకు?

ద్వితీయోపదేశ కాండం 22వ అధ్యాయం 8వ వచనంలో దేవుడు తన ప్రజలకు ఒక చిన్న ఆజ్ఞ ఇచ్చాడు. కొత్త ఇల్లు కట్టుకునేవాడు డాబా చుట్టూ పిట్టగోడ కట్టాలి. కట్టకపోతే, ఎవరైనా పడి చనిపోయినప్పుడు ఆ రక్తాపరాధం ఆ ఇంటి మీదికి వస్తుంది. చూశారా! బలులను గురించి, పండుగలను గురించి మాట్లాడిన దేవుడే పిట్టగోడను గురించి కూడా మాట్లాడుతున్నాడు. పడినవాడు చూసుకుని నడవవద్దా అని ఆయన అడగలేదు. గోడ కట్టావా అని ఇంటి యజమానిని అడిగాడు. పొరుగువాని మీద ప్రేమకు ఇటుకలు, సున్నం కూడా కావాలన్నమాట.

"ఆ బడి దేవదూతల మాత పేరిట ఉంది కదా, దూతలు ఎందుకు కాపాడలేదు?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి అడిగితే నేను తల వంచుకుని ఆమె పక్కన కూర్చుంటాను, జవాబు చెప్పబోను. కాని బడి నడిపే మనం అడిగితే మాత్రం ఒక మాట చెప్పాలి. చిన్నవారి దూతలు పరలోకంలో తండ్రి ముఖాన్ని నిత్యం చూస్తుంటారని ప్రభువే చెప్పాడు. అది సత్యం. అయితే, దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు పట్టుకుంటారని ప్రభువుతో అన్నది ఎవరు? సైతాను. దేవుని పరీక్షించరాదని ప్రభువు బదులిచ్చాడు. దూతల మీద భారం వేసి పిట్టగోడ మానేయడం విశ్వాసం కాదు, దేవుని పరీక్షించడం.

ఆ రోజు పొగ కమ్మిన కొన్ని గదుల్లో మఠకన్యలు పిల్లలను కూర్చోబెట్టి ప్రార్థన చేయించారు. దయచేసి వారిని తప్పుపట్టకండి. దారులన్నీ మూసుకుపోయిన వేళ, బిడ్డల చేయి పట్టుకుని తండ్రిని పిలవడం కన్నా వారేం చేయగలరు? ఆ దారులు ముందే తెరిచి ఉంచవలసినవారు పెద్దలు.

అదే రోజు మరో గదిలో సిస్టర్ మేరీ డేవిడిస్ పిల్లల చేత పుస్తకాలు, సామాన్లు తలుపుకు అడ్డం పెట్టించారు. పొగ కొంతసేపు ఆగింది. ఇంతలో ఒక గురువు, ఒక బిడ్డ తండ్రి కలిసి కిటికీలోంచి పిల్లలను ఒక్కొక్కరిగా పక్క భవనంలోకి అందుకున్నారు. ఆ గదిలోని పిల్లల్లో ఇద్దరు తప్ప అందరూ దక్కారు. మరో ఇద్దరు ఉపాధ్యాయినులు పొగ వాసన పసిగట్టి ప్రధానోపాధ్యాయురాలి కోసం వెదికారు. ఆమె కనబడలేదు. అనుమతి కోసం ఇంకా ఎదురుచూడలేదు. తమ పిల్లలను నడిపించుకుంటూ బయటికి తీసుకువెళ్ళి గుడిలో చేర్చారు. ఆ రెండు తరగతులూ క్షేమం. బిడ్డ ప్రాణం కోసం పై వారి ఆజ్ఞకు ముందే అడుగు వేసిన ఆ ఇద్దరిని నేను మరువలేను.

మంట ఎలా అంటుకుందో అధికారికంగా ఎన్నడూ తేలలేదు. కాని దేశం కళ్ళు తెరిచింది. ఏడాది తిరక్కుండానే అమెరికాలో సుమారు 16,500 పాత బడి భవనాలను చక్కదిద్దారు. అంటే చేయగలిగిన పనే! డబ్బూ ఉంది, తెలివీ ఉంది. పిల్లలు పోయేదాకా తొందర మాత్రం లేదు.

ఆ విచారణ 1960లో కొత్త బడి తెరిచింది. కాలక్రమంలో పాత కుటుంబాలు ఎన్నో తరలిపోయాయి. 1990లో విచారణ మూతపడింది, 1999లో బడి మూతపడింది. అంతటితో కథ ముగియలేదు. 2005లో ఒక ఫ్రాన్సిస్కన్ గురువు అక్కడికి వచ్చి సేవాకేంద్రం ప్రారంభించారు. ఆకలిగొన్న పొరుగువారికి ఆహారం పంచారు, పిల్లలను చేరదీశారు. పాడుబడిన గుడిని బాగుచేసి 2012లో మళ్ళీ ప్రతిష్ఠించారు. అన్ని కన్నీళ్ళు పడిన నేల మీద మళ్ళీ రొట్టె పంచుతున్నారు.

శ్రోతలారా! ఇది ఎక్కడో దూరదేశపు సంగతి అనుకోకండి. 2004 జూలై 16న మన పొరుగున, తమిళనాడులోని కుంభకోణంలో, వంటశాల నిప్పు పూరికప్పుకు అంటుకుని ఒక బడిలో 94 మంది చిన్నారులు మరణించారు. బడులలో అగ్నిప్రమాద భద్రత తప్పనిసరి అని 2009లో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది.

ఆదేశం వచ్చింది సరే, మన బడి సంగతేమిటి? వచ్చే ఆదివారం పూజ అయ్యాక విచారణ పెద్దలు, తల్లిదండ్రులు ఒక్కసారి బడిలోకి నడవండి. మెట్ల కింద విరిగిన బల్లలు పేర్చి ఉన్నాయా? హాస్టలు గ్రిల్లుకు రాత్రి తాళం వేస్తే ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? మధ్యాహ్న భోజనం పొయ్యి తరగతి గదికి ఎంత దూరం? మంటలార్పే సిలిండరు పిల్లల టీచరమ్మకు అందుతుందా, దాన్ని వాడటం ఆమెకు తెలుసా? ఇది తనిఖీ అధికారి పని అనకండి. ఇది దైవారాధనలో భాగం. మన పిట్టగోడ ఇదే.

ప్రార్థించుదాం. పసిబిడ్డలను నీ దగ్గరకు రానిచ్చిన ప్రభువా! చికాగోలోను, కుంభకోణంలోను మరణించిన చిన్నారులను నీ ఒడిలో చేర్చుకో. వారి తల్లిదండ్రులను ఓదార్చు. నీ దూతలు మా పిల్లలను కాయుదురు గాక. వారితో పాటు మేమూ మేలుకుని ఉండేలా మమ్ములను కదిలించు. ఆమెన్.