ఒక్క ‘ఫ్రీ’, ఎన్ని అర్థాలో

1820లో కడపకొచ్చిన సి.పి. బ్రౌన్ దొర ఆ తర్వాత పెద్ద తెలుగు నిఘంటువులు కూర్చాడు. కడపలోని ఎర్రముక్కపల్లెలో ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. అలాంటి నిఘంటుకారుడికి మన బస్టాండులో ‘ఫ్రీ’ అనే ఒక్క మాటే బోలెడు పని పెడుతుంది.

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు చాలా ఆర్టీసీ బస్సులు ఫ్రీ. కండక్టరు సున్నా టికెట్టు కొట్టిస్తాడు. ‘సీటు ఫ్రీనా అక్కా’ అంటే ఖాళీయేనా అని. ‘సాయంత్రం ఫ్రీనా అన్నా’ అంటే తీరికేనా అని. ‘ఆయప్ప శానా ఫ్రీ’ అంటే కలుపుగోలు మనిషని. బిస్కెట్ పొట్లం మీది ‘షుగర్ ఫ్రీ’ దగ్గరే జాగ్రత్త: చక్కెర ఉచితమని కాదు, లేనట్టేనని! మన ‘ఊరికే’ కూడా తక్కువదేం కాదు. ఊరికే ఇచ్చాడంటే డబ్బు తీసుకోలేదని, ఊరికే వచ్చానంటే పనేమీ లేదని.